లీటరు పెట్రోలుకి ఎన్ని రాళ్ళు?

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున్నే, నరసరావుపేట ఊరి చివర వినుకొండ రోడ్డు మీద, కిలోమీటరు రాయి పక్కన మా కారు ఆగింది. పాడై కాదు... పరీక్ష పెట్టడానికి ఆపారు.

అది నాన్న సెకండ్ హ్యాండులో కొన్న తెల్లటి పెట్రోలు కారు. మీటరులో కిలోమీటర్ల అంకెలు ఎప్పుడో కదలడం మానేశాయి. ఎంత దూరం తిరిగిందో ఎవరికీ తెలియదు గానీ, పెట్రోలు మాత్రం మంచినీళ్ళలా తాగేస్తోందని నాన్న గోల. "లీటరుకి పన్నెండన్నా ఇయ్యాల. ఇస్తే ఉంచుతా, లేకపోతే అమ్మేస్తా" అన్నాడు. మాచర్ల నుంచి ఒకాయన అప్పటికే రెండుసార్లు వచ్చి బండి చూసి వెళ్ళాడు.

నాన్నకి అది పెట్రోలు సంగతి. అమ్మకి అలా కాదు. నెల రోజులుగా అమ్మ డ్రైవింగు నేర్చుకుంటోంది... సెలవు రోజుల్లో, ఖాళీగా ఉండే మార్కెట్ యార్డులో, నాన్న పక్కన కూర్చుని చెప్తుంటే. మూడో గేరు దాకా వచ్చింది. రివర్సు ఇంకా రాలేదు.

పక్కింటి పెద్దమ్మ "ఏమే, నీకు స్టీరింగేందే... గరిటె బరువైందా?" అని ఎగతాళి చేస్తే అమ్మ పకపకా నవ్వింది. "రివర్సు రానీ అక్కా, ముందు నిన్నే కోటప్పకొండ ఎక్కిస్తా" అంది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

మస్తాన్ బాబాయ్ మా మెకానిక్. ఆ రోజు రాయి దగ్గరే బానెట్ ఎత్తి, టాంకు నుంచి వచ్చే గొట్టం పీకేశాడు. కొలిచిన లీటరు పెట్రోలు ఒక సీసాలో పోసి, దాన్ని లోపల తాడుతో కట్టి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో ఇంజనుకి తగిలించాడు. సీసా ఖాళీ అయిన చోట బండి ఆగుతుంది... అక్కడిదాకా ఎన్ని కిలోమీటర్లు వస్తే అదే మైలేజి. మీటరు లేదు కాబట్టి రోడ్డు పక్క రాళ్ళే మాకు దిక్కు.

నాన్న స్టీరింగు దగ్గర, బాబాయ్ పక్కన. వెనక సీట్లో అమ్మా, నేనూ. రాళ్ళు లెక్కపెట్టే పని మాది.

బండి కదిలీ కదలకముందే అమ్మ, మేం ఆగిన ఆ రాయినే కిటికీలోంచి చూపించి, "ఒకటి" అంది గట్టిగా. నాకు ఎక్కడో తేడాగా అనిపించింది గానీ, అప్పుడేం అనలేదు.

రెండు... మూడు... నాలుగు...

రోడ్డుకి రెండు పక్కలా మిరప చేలు. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. ఏడో రాయి దగ్గర గేదెలు అడ్డం వస్తే నాన్న బ్రేకు వేశాడు. "అబ్బా, ఇయ్యి ఇప్పుడే రావాలా!" అని అమ్మ విసుక్కుంది. పదకొండు అంది అమ్మ. నా చెయ్యి పట్టుకుంది... నొప్పి పుట్టేంత గట్టిగా.

ఇంజను రెండుసార్లు దగ్గింది. అయినా బండి ఈడ్చుకుంటూ ఇంకో రాయి దాటి, నాలుగడుగుల అవతల ఆగిపోయింది.

"పన్నెండు!" అని అరిచింది అమ్మ.

"చెప్పలా అన్నా, బంగారం లాంటి ఇంజనని!" అన్నాడు మస్తాన్ బాబాయ్. నాన్న కూడా నవ్వాడు. "సరేలే, ఉంచుదాం. నువ్వే గెలిచావు" అన్నాడు అమ్మ వైపు తిరిగి.

అదిగో... అప్పుడు నేను నోరు తెరిచాను.

నేను ఐదో తరగతి. లెక్కల్లో క్లాసులో నన్ను మించినవాళ్ళు లేరని పొగరు. ఆ వారమే మా మాస్టారు కంచె గుంజల లెక్క చేయించారు. వరసగా పది గుంజలు పాతితే మధ్యలో ఖాళీలు తొమ్మిదే వస్తాయి.

"కాదు నాన్నా! బయల్దేరిన రాయిని కలపకూడదు. పన్నెండు రాళ్ళంటే పదకొండు కిలోమీటర్లే!"

నాన్న వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "అవును గదా!" అన్నాడు. మస్తాన్ బాబాయ్ సర్దబోయాడు. "ఎదురుగాలన్నా... గేదెల కాడ కూడా చానా పోయింది. ఇంకోసారి చూద్దాం." నాన్న వినలేదు. "లెక్కంటే లెక్కే" అని నా వీపు తట్టాడు. "ఎంత బుర్రో చూడు దీనికి!" అని వారం రోజులు తన కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు.

అమ్మ మాత్రం నా చెయ్యి వదిలేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ వారంలోనే మాచర్ల ఆయన వచ్చి కారు తీసుకెళ్ళాడు. ఇంటికి స్కూటరు వచ్చింది. అమ్మ మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు, ఆ మాటే ఎత్తలేదు. నన్ను కూడా ఏమీ అనలేదు. నాకైతే అప్పుడు అదేం పట్టలేదు. నాన్న కొత్త పెన్సిళ్ళ డబ్బా కొనిపెట్టాడు... ఆ సంబరంలో ఉన్నాను.

ఇప్పుడు నా కారు లీటరుకి ఎంత ఇస్తుందో తెర మీద అదే చూపిస్తుంది, చుక్క తర్వాతి అంకెతో సహా. సీసా లేదు, తాడు లేదు, రాళ్ళ వైపు చూసేవాళ్ళు లేరు. ఒక కిలోమీటరు ఎక్కువేసి చెప్పే వీలు కూడా ఎవరికీ లేదు...

పోయిన నెల గురజాల వెళ్తుంటే అమ్మ పక్క సీట్లో కూర్చుని ఆ అంకె వైపే చూస్తోంది. ఇన్నేళ్ళకి అడిగాను. "అమ్మా, ఆ రోజు బయల్దేరిన రాయిని ఒకటి అన్నావు గదా... అది లెక్కలోకి రాదని నీకు తెలవదా?"

"తెలవకేందే," అంది అమ్మ, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "నీకు లెక్కలు నేర్పింది ఎవరనుకున్నావ్?"

గురజాల దాకా రోడ్డు పక్క రాళ్ళు లెక్కపెడుతూ నడిపాను.

మీకూ ఉన్నాయా ఇలాంటివి... సరిగ్గా చెప్పి, ఇప్పటికీ సిగ్గుపడే లెక్కలు? ఉంటే కింద రాయండి. నేనొక్కదాన్నే కానని తెలిస్తే కాస్త ఊపిరాడుతుంది.