పడని వరి

2023 ఖరీఫ్. పిట్టలవానిపాలెం మండలంలోని ఒక ఊళ్లో నేను వ్యవసాయ సహాయకురాలిని. కొత్త వరి రకం మినీకిట్లు వచ్చాయి. మినీకిట్ అంటే, కొద్ది నేలలో వేసి చూడమని రైతుకిచ్చే చిన్న విత్తన సంచి. నా సంబరానికి పట్టపగ్గాల్లేవు. మా వైపు రైతుకు ఏటా ఉండే గండం లాడ్జింగ్, అంటే కంకి బరువెక్కాక గాలికి చేను నేలవాలడం. ఈ రకానికి కాండం గట్టిది. అందుకే రైతుల మీటింగులో ఊగిపోతూ చెప్పాను.

"ఈ రకం పడదండి! అస్సలు పడదు!"

అందరూ తలలూపారు, టీ తాగారు, వెళ్లిపోయారు. సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మర్నాడు కౌలు రైతు కోటయ్య బాబాయి పొలం గట్టున కనిపిస్తే పట్టుకుని అడిగాను.

"ఏంటి బాబాయ్, ఒక్కరూ సంచి తీసుకోలేదేంటి?"

"నువ్వే కదమ్మా పడదన్నావు! మన నేలకి పడంది తీసుకెళ్లి ఏం చేసుకుంటాం?"

"అయ్యో, గాలికి పడదన్నానండి!"

"ఓర్నాయనో! మేం సరిపడదనుకున్నాం!"

ఇద్దరం గట్టు మీద కూలబడి నవ్వాం. నవ్వు ఆగాక ఆయన తన సంగతి చెప్పాడు. కిందటేడు చేను పడిపోయి, నీళ్లలో గింజ మొలకెత్తింది. మళ్లీ అలాగే అయితే పొలం వేరేవాళ్లకు ఇచ్చేస్తానని తెనాలిలో ఉండే ఆసామి తేల్చి చెప్పాడట.

"నాది చిన్న చెక్కే కదమ్మా. మిగిలిపోయిన సంచులన్నీ నాకే ఇచ్చెయ్. చేనంతా ఇదే వేస్తాను."

కొద్ది నేలలో వేసి చూడాల్సిన విత్తనమని నాకు తెలుసు. అయినా ఇచ్చాను.

నాట్లప్పుడు కాలిబాటలు వదలమన్నాను. వరసల మధ్య అక్కడక్కడా సన్నటి దారి ఉంటే గాలీ వెలుతురూ తగిలి, పైరు రసం పీల్చే దోమ తగ్గుతుంది. "దారులెందుకమ్మా, మన చేలో బస్సులు తిరుగుతాయా ఏంటి?" అని వేళాకోళమాడుతూనే వదిలాడు. యూరియా దగ్గర మాత్రం యుద్ధమే జరిగింది. యూరియా దండిగా చల్లిన పక్క చేను నల్లగా నిగనిగలాడుతుంటే ఆయన ప్రాణం ఆగేది కాదు.

"ఇంకొక్క గుప్పెడు చల్లనీ అమ్మా!"

"మీ గుప్పెడంటే బస్తా అని నాకు తెలుసు బాబాయ్. యూరియా ఎక్కువైతే ఎంత గట్టి రకమైనా ఏపుగా పెరిగి పడిపోద్ది."

సణుగుతూ మానుకున్నాడు.

సరిగ్గా చేను పండే వేళకు తుపాను వచ్చింది. తెల్లారగానే వానలోనే స్కూటీ తీశాను. దారి పొడవునా చేలు చాపలు పరిచినట్టు పడి ఉన్నాయి. మలుపు తిరిగేసరికి కోటయ్య బాబాయి చేను కనిపించింది. కాస్త వంగింది, అంతే. నీళ్లలో నిలబడే ఉంది! రోడ్డు మీదే కేకలేస్తూ గంతులేశాను.

వాన తెరిపిచ్చాక ఆసామి వచ్చాడు. ఒక కంకి దూసి, గింజను అరచేతిలో నలిపి చూశాడు.

"వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్యి కోటయ్యా. ఈ విత్తనం మావాళ్లకీ కాస్త ఉంచు."

బాబాయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు.

నా ఆనందంలోనే ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ చేను పడి ఉంటే నా ఉద్యోగానికేమీ అయ్యేది కాదు. ఆయనకు మాత్రం దున్నుకోవడానికి చేనే ఉండేది కాదు. ఇప్పటికీ కొత్త రకం వస్తే అంతే హుషారుగా ఊరంతా తిరుగుతాను. కాకపోతే సంచి చేతికిచ్చే ముందు, "పొలం సొంతమా, కౌలా అండీ?" అని అడుగుతాను. కౌలంటే, ఈ ఏటికి ఒక్క మడిలోనే వేయమంటాను.