అడగకుండా తీసుకున్న గొంతు

తెనాలిలో ఆటోల మీద తిరిగే మైకు ప్రచారాల్లో చాలాకాలం నా గొంతే వినిపించేది. ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో నాకు ఉద్యోగం. షాపు పైన చిన్న గదిలో ఒక మైకూ, కంప్యూటరూ ఉండేవి. బట్టల షాపుల ఆషాఢం తగ్గింపులూ, కొత్త హాస్పిటల్ ప్రారంభాలూ, కాలేజీ అడ్మిషన్లూ అన్నీ నేనే చదివేవాణ్ణి. ఆ ఆటోలు చుండూరు, అమృతలూరు దాకా తిరిగేవి. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు "ఏంటి, నిన్న మా ఊళ్ళో అరిచింది నువ్వేగా" అనేవాళ్ళు. అరిచింది అన్న మాట నాకు పొగడ్తలాగే వినపడేది.

కొన్నాళ్ళకి ఆటోల మీద విసుగు పుట్టింది. డాక్యుమెంటరీలకీ, ఆడియో పాఠాలకీ చదవాలని కోరిక. బాపట్లలో నా స్నేహితుడొకడు చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళి ఒక పేజీ చదివాను. వాడు హెడ్‌ఫోన్స్ తీసి, "గొంతు బాగుంది. కానీ చావు కబురు చదివినా డిస్కౌంట్ చెప్తున్నట్టే ఉంది" అన్నాడు. రేపల్లెలో ఒక మాస్టారు ఉన్నారనీ, చెన్నైలోనూ హైదరాబాదులోనూ ముప్పై ఏళ్ళు డబ్బింగ్ చెప్పి సొంతూరికి వచ్చేశారనీ, ఇద్దరు ముగ్గురికి మాత్రం ఇంటి దగ్గర నేర్పుతారనీ వాడే చెప్పాడు. నంబరు ఇస్తూ, "ముందు మెసేజ్ పెట్టు. నువ్వెవరో చెప్పి, ఎప్పుడు ఫోన్ చేయొచ్చో అడుగు" అన్నాడు.

నేను బాపట్ల బస్టాండులో నిలబడే ఫోన్ చేశాను. ఆయన ఎత్తలేదు. ఇంకో మూడుసార్లు చేశాను. తర్వాత వాట్సాప్‌లో ఆరు నిమిషాల ఆడియో పంపాను. అందులో న్యూస్ ఉంది, విలన్ నవ్వు ఉంది, ముసలాయన దగ్గు ఉంది, చీరల షాపు ప్రకటన కూడా ఉంది. అన్నిటికీ ఎకో తగిలించాను. కింద "విని ఎలా ఉందో చెప్పండి సార్" అని రాశాను. నా పేరు కూడా రాయలేదు.

మర్నాడు జవాబు వచ్చింది. "నమస్కారం. మీరెవరో రాయలేదు. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో రాయలేదు. ఆ రెండూ రాసి, ఒక్క నిమిషం మామూలుగా చదివి పంపండి. ఎకో వద్దు." ఆ మెసేజ్ షాపులో అందరికీ చూపించి నవ్వాను. పెద్దాయనకి బాగా పొగరు అన్నాను. అయినా ఆయన అడిగినట్టే పంపాను. శనివారం పదింటికి రమ్మన్నారు.

రేపల్లె ప్యాసింజర్ తొమ్మిది కాకముందే దింపేసింది. నేరుగా ఆయనింటికి వెళ్ళి గేటు కొట్టాను. వాళ్ళావిడ బట్టలు ఆరేస్తున్నారు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, వరండాలో కుర్చీ వేశారు. లోపల ఆవిడ ఉర్దూలో ఏదో చెప్పడం వినపడింది. మాస్టారు తల తుడుచుకుంటూ బయటికి వచ్చారు. సన్నగా ఉంటారు, అరవై దాటి ఉంటాయి.

"పదింటికి అన్నాను కదా."

"ట్రైన్ టైమ్ అలా ఉందండి, మాస్టారూ."

"స్టేషన్లో కూర్చోవచ్చు కదా" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టు అన్నారు.

ఏదో ఒకటి మాట్లాడి ఆయన్ని మంచి చేసుకోవాలనిపించింది. "మీరు ముస్లిమ్స్ అయినా తెలుగు ఎంత బాగా మాట్లాడతారండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆయన తువ్వాలు మడత పెడుతూ, "మా తాతగారి నాన్నగారు కూడా ఈ రేపల్లెలోనే పుట్టారు. ఇంకేం మాట్లాడమంటావు?" అన్నారు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పన్నెండు శనివారాలు పాఠం చెప్తానన్నారు. పెట్టిన షరతు ఒక్కటే. "ఇక్కడ రికార్డు చేయొద్దు. కావాలంటే పుస్తకంలో రాసుకో." ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన నాచేత ఏనాడూ డైలాగులు చదివించలేదు. ఎరువుల బస్తా మీద రాసింది చదివించారు. మందుల డబ్బాలోని కాగితం చదివించారు. ఒక్కో వాక్యానికీ "ఎవరితో చెప్తున్నావు?" అని ఆపేవారు. "అందరితో అండి" అంటే, "అందరూ అనేవాడు ఎక్కడుంటాడు? ఒక మనిషిని అనుకో" అనేవారు. ఇంకో తప్పు మొదటి రోజే పట్టుకున్నారు. వాక్యం మొదలుపెట్టే ముందు నేను నోటితో గట్టిగా గాలి పీలుస్తాను. మైకు దగ్గర అది ఈలలా పడుతుంది. "ముక్కుతో తీసుకో, నెమ్మదిగా" అని ప్రతి వారమూ చెప్పేవారు. ఆయన మాట కాస్త బొంగురుగా ఉండేది. వాక్యం పొడుగైతే చివరి మాట సరిగ్గా వినపడేది కాదు. వయసు వల్ల అనుకున్నాను. నేర్పేటప్పుడు ఆయన ఎప్పుడూ చదివి చూపించరన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

రెండో వారం నుంచే నేను రికార్డు చేశాను. గేటు దగ్గరే ఫోన్లో రికార్డర్ నొక్కి, చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి. రాసుకుంటే అన్నీ గుర్తుండవు, నేర్చుకోవడానికే కదా, ఎవరికీ వినిపించను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మొదట్లో గేటు తీసేటప్పుడు చెయ్యి ఊరికే జేబు మీదికి పోయేది. నాలుగైదు వారాలకి అది కూడా పోయింది.

ఎనిమిదో వారం ఒక పాత స్క్రిప్టు ఇచ్చారు. సముద్రం మీదికి వెళ్ళిన పడవ కోసం ఒడ్డున ఎదురుచూసే ఆడమనిషి గురించి, ఒక పేజీ ఉంటుంది. ఎన్నిసార్లు చదివినా నా గొంతులో ఆ ఏడుపు ముందే వచ్చేస్తోంది. "ఆవిడకింకా ఏమైందో తెలియదు. నీకు మాత్రం ముందే ఎలా తెలిసింది?" అని మాస్టారు పదిసార్లు ఆపి ఉంటారు. చివరికి కాగితం నా చేతిలోంచి తీసుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని ఆయనే చదవడం మొదలుపెట్టారు.

"తెల్లారింది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. ఆవిడ చేతిలో అన్నం గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది."

పక్కింటావిడ గురించి చెప్తున్నట్టు, అంత మామూలుగా చదివారు. నాలుగో వాక్యం మధ్యలో గొంతు చీలిపోయింది. మాట పోయి గాలి మాత్రం వచ్చింది. ఆగి, గోరువెచ్చని నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే పోయింది. కాగితం బల్ల మీద పెట్టేశారు.

"థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఇంతే. ఇంతవరకే వస్తుంది" అన్నారు. కాగితం మీద వేలు పెట్టి, "ఎక్కడ ఆపానో చూశావా? గిన్నె దగ్గర ఆపాను. నువ్వూ అక్కడ ఆపి చూడు" అని పాఠంలోకి వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ముక్కే పదే పదే విన్నాను. ఆయన నా కోసం చదివారన్న గర్వం పట్టలేకపోయాను. రైలు జంపని దాటుతుండగా ఆ రెండు నిమిషాలూ కత్తిరించి బాపట్ల స్నేహితుడికి పంపేశాను. కింద ఇలా రాశాను: "మాస్టారి గొంతు ఇలా అయిపోయింది పాపం. అయినా మొదటి మూడు వాక్యాలు విను." పాపం అన్న మాట రాసినందుకు నేనేదో మంచివాణ్ణన్న భావన కూడా కలిగింది.

వాడు దాన్ని డబ్బింగ్ వాళ్ళ గ్రూపులో పెట్టాడు. చెడు ఉద్దేశంతో కాదు, విని తట్టుకోలేక పెట్టాడు. ఆ గ్రూపులో మాస్టారితో కలిసి పనిచేసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి మాస్టారు ఫోన్లో మాట్లాడుతున్నారు. "లేదండి, బాగానే ఉన్నాను... అవునండి... లేదు, అంత బాధేం లేదు." ఆ ఫోన్ పెట్టగానే ఇంకొకటి వచ్చింది. దాన్ని ఎత్తకుండా పక్కన పెట్టేశారు. గొంతు పోయిందని పాత స్నేహితులెవరికీ ఆయన చెప్పలేదట. ఇక చాలనిపించి మానేశాననే చెప్పుకున్నారట. ఇది వాళ్ళావిడ తర్వాత నాకు చెప్పారు.

నన్ను కూర్చోమని, తన ఫోన్‌కి ఎవరో పంపిన ఆ క్లిప్పు వినిపించారు. తన గొంతు చీలే చోట ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఇది ఎవరు తీశారు?"

"నాకు తెలీదండి, మాస్టారూ" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మీ దగ్గరికి భట్టిప్రోలు నుంచి ఇంకో అమ్మాయి కూడా వస్తుంది కదండి" అని కూడా అన్నాను.

డిగ్రీ చదివే అమ్మాయి ఆమె. నా తర్వాతి పాఠం ఆమెది. నేను వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఎదురై, "బాగున్నారా అన్నయ్యా" అని పలకరించేది. అంతకు మించి ఆ అమ్మాయి నాకు తెలియదు.

మాస్టారు క్లిప్పు మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. సౌండు పెంచారు.

"ఈ గరగర వింటున్నావా? గుడ్డకి రాసుకుంటోంది. ఫోన్ చొక్కా జేబులో ఉంది." ఇంకొంచెం ముందుకి జరిపారు. "ఇదిగో, ఇక్కడ. నేను మొదలుపెట్టే ముందు. ఇది ఎవరి ఊపిరి?"

విన్నాను. ఆయన వాక్యం అందుకునే ముందు, దగ్గరగా, నోటితో గట్టిగా గాలి పీల్చిన చప్పుడు. ప్రతి వాక్యానికీ ఉంది. ఆయన చదువుతుంటే నేను కూడా లోపల చదువుతున్నాను కాబోలు.

"ఎనిమిది వారాల నుంచి దీని గురించే కదా చెప్తున్నాను" అన్నారు.

నేను తల ఎత్తలేకపోయాను. తప్పయిపోయిందండి అన్నాను. ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు.

"నువ్వు అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. అది వేరే సంగతి. ఆ పిల్ల మాట ఎందుకు తెచ్చావు?"

నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. "ఇవాళ్టికి వెళ్ళు" అన్నారు. గేటు దాటి వెళుతుంటే వాళ్ళావిడ ఎప్పట్లాగే "జాగ్రత్త బాబూ" అన్నారు. అప్పటికి ఆవిడకి సంగతి తెలిసి ఉండదు.

ఆ మధ్యాహ్నమే బాపట్ల వెళ్ళాను. స్నేహితుడు గ్రూపులోంచి తీసేయబోతే, అందరి ఫోన్లలోంచీ చెరిపే టైమ్ అప్పటికే దాటిపోయింది. "తీసినా ఏం లాభం, ఎంతమంది దగ్గరుందో" అన్నాడు. నన్ను గ్రూపులో చేర్చమని అడిగాను. ఆయన వద్దన్నా దొంగచాటుగా రికార్డు చేసింది నేననీ, దయచేసి ఆ క్లిప్పు ఎవరూ ఉంచుకోవద్దనీ రాశాను. నలుగురు తిట్టారు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. ఫోన్లో ఉన్న పాఠాలన్నీ చెరిపేశాను. మాస్టారికి రెండు పేజీల ఉత్తరం రాసి పోస్టు చేశాను. జవాబు రాలేదు.

నెల దాటాక మెసేజ్ వచ్చింది. "నాలుగు పాఠాలు మిగిలి ఉన్నాయి. శనివారం పదింటికి రావచ్చు."

ఆ నాలుగు వారాలూ రేపల్లె స్టేషన్లో బల్ల మీద కూర్చుని, పదింటికి గేటు దగ్గరికి వెళ్ళాను. ఫోన్ స్విచాఫ్ చేసి, ఆయనకి కనపడేలా కిటికీ గూట్లో పెట్టేవాణ్ణి. ఆయన పెట్టమనలేదు, వద్దనీ అనలేదు. పాఠం మాత్రం ఏమాత్రం తగ్గించలేదు. అంతకు ముందు కన్నా ఎక్కువే నేర్పారు. కానీ ఒక్క వాక్యం కూడా చదివి చూపించలేదు. నాకు అర్థం కానిచోట మళ్ళీ వివరించేవారు, ఇంకా అర్థం కాకపోతే పెన్సిల్‌తో కాగితం మీద గీత గీసి చూపించేవారు.

ఒక శనివారం గేటు దగ్గర ఆ అమ్మాయి ఎదురైంది. రోడ్డు మీదే నిలబెట్టి జరిగింది చెప్పాను. "మాస్టారు నన్నేం అడగలేదే" అంది. పుస్తకాలు ఇంకో చేతిలోకి మార్చుకుని, "మా ఇంట్లో తెలిస్తే నన్ను మళ్ళీ పంపించేవాళ్ళు కాదండి" అంది. అన్నయ్యా అనలేదు.

చివరి రోజు లేచేటప్పుడు, ఇంకొన్నాళ్ళు రావచ్చా అని అడిగాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీకు నేర్పాల్సింది ఇంకా ఉంది. కానీ నాకు మనసు రావట్లేదు. నువ్వు ఎదురుగా కూర్చుంటే నేను జాగ్రత్తగా మాట్లాడుతున్నాను. అలా నేర్పలేను" అన్నారు.

సరేనండి అని కాళ్ళకి దండం పెట్టబోతే, "వద్దు" అని వెనక్కి జరిగారు.

ఇప్పుడు నాకు పని బాగానే దొరుకుతోంది. రైతులకి చూపించే వీడియోలకీ, పిల్లల పాఠాలకీ చదువుతున్నాను. నోటితో గాలి పీల్చడం పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. మొన్నామధ్య బాపట్ల స్టూడియోకి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, ఒక కథకి ఇద్దరం కలిసి చదవాలి. మొదటి పేజీ అయ్యాక, "బాగా ఆపుతున్నావు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడిగారు.

"రేపల్లెలో ఒక మాస్టారి దగ్గర కొన్నాళ్ళండి" అన్నాను.

"ఆయనా? చాలా పెద్ద మనిషి. ఎవడో శిష్యుడు ఆయన గొంతు దొంగతనంగా తీసి బయట పెట్టాడట కదా. మేమందరం చాలా బాధపడ్డాం."

అద్దం అవతల నా స్నేహితుడు తల దించుకుని మీటలేవో సర్దుతున్నాడు.

"అది నేనేనండి" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండో పేజీ తిప్పారు. సాయంత్రం దాకా పనిచేశాం. స్క్రిప్టు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు స్నేహితుడికి చెయ్యి కలిపి, నాకు తల ఊపి కారెక్కారు.