రాట్నం దగ్గర ఉంటానన్న మనిషి

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఎక్కడైనా ఆగితే "ఆ తర్వాత, జేజీ?" అంటుంది. ఆ తర్వాత చెప్పుకోదగింది ఏమీ జరగలేదు. ఒక పిల్లవాడు రాట్నం ఎక్కి దిగాడు, అంతే. అది ఇంతకాలమూ నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మా ఆయన, ఆయన అన్న, ఇద్దరి సంసారాలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద. ఆయన అన్నను నేను బావ అనాలి, బావ భార్యను అక్క అనాలి. మెట్టభూమి, వానను నమ్ముకున్న బతుకు. శెనక్కాయలు ఇంటికి వచ్చాక మా ఆయన బండి కట్టుకుని నంద్యాల మిల్లుకు తోలేవాడు. మాకు ముగ్గురు పిల్లలు. పెద్దది తొమ్మిదేళ్లది, నడిపివాడు ఆరేళ్లవాడు, చిన్నది ఇంకా చంక దిగనిది.

నంద్యాలలో శివరాత్రి తిరునాళ్లకు పెద్ద రాట్నం కట్టేవారు. పడుకుని తిరిగేది కాదు, నిలువుగా తిరిగేది, తాటిచెట్టంత. చెక్క తొట్టెల్లో మనుషులను కూర్చోబెట్టి నలుగురు మొగవాళ్లు చేతులతో తిప్పేవారు. మా ఆయన దాన్ని కింద నుంచే చూశాడు, ఎప్పుడూ ఎక్కలేదు. పిల్లలను ఎక్కించాలని ఆయన కోరిక. ఒక సాయంత్రం వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, తక్కువలో ఎట్లా పోయి రావాలో చెప్పాడు.

"తిరునాళ్లకు ముందే నేను కాయల బండి తోలుకొని పోయి ఆడ ఉంటా. మీరు మీ యమ్మతో బస్సులో రాండి. చిన్నది ఒళ్లో కూచ్చుంటాది, దానికి టికెట్టు ల్యా. నడిపోడు వంగి నడిస్తే వానికీ ల్యా."

"వంగి నడుస్తా," అని వాడు అప్పుడే ఇల్లంతా వంగి నడిచాడు.

"వచ్చేటప్పుడు బండి ఉత్తదే గదా, అందరం దాంట్లోనే. సద్దిమూట కట్టుకుంటే కొనేదేందీ ఉండదు. ఒక్క రాట్నానికే దుడ్లు."

"అంతమందిలో నిన్ను యాడ ఎదుక్కోవల్ల?" అంది పెద్దది. అది పుట్టుకతోనే పెద్దది.

"రాట్నం కాడ. ఎర్ర తలగుడ్డ చూసుకొని రాండి. ఆడ్నే ఉంటా."

శివరాత్రి ఇంకా రెండు నెలలు ఉందనగా ఒక బండెడు కాయలు వేసుకుని పోయాడు. పోయేటప్పటికే ఒళ్లు వెచ్చగా ఉంది. మిల్లు ముందు పడిపోయాడని, ఆసుపత్రిలో చేర్చారని కబురు వస్తే బావ పరుగెత్తాడు. బావ పోయేసరికి ఆయనకు మాట పడిపోయింది. తర్వాత ప్రాణమూ పోయింది. అంత దూరం తీసుకురాలేక అక్కడే మట్టి చేశారు. బండి తోలుకుని బావ ఒక్కడే ఇంటికి వచ్చాడు. ఆ ఎర్ర తలగుడ్డ కూడా రాలేదు.

నేను ఆయన ముఖం చూడలేదు. ఆడవాళ్లు శ్మశానానికి పోరు కాబట్టి ఎక్కడ పెట్టారని అడగనూ లేదు.

దినాలు అయ్యేదాకా పిల్లలను మా అమ్మగారింటికి పంపారు. పసిపిల్లలకు చావు మాట చెప్పకూడదని మా వైపు పట్టింపు. అడిగితే నంద్యాలలో ఉన్నాడనండి, కొన్నాళ్లకు వాళ్లే మరిచిపోతారు అన్నారు పెద్దలు. చిన్నది మరిచిపోయింది. పెద్దది అడగలేదు. నడిపివాడు తిరిగి వచ్చిన రోజే నా నుదురు చూసి, "బొట్టు యాడ పోయె మా?" అన్నాడు.

"చెరిగిపోయిందిలే."

"నాయన నంద్యాల నుంచి కుంకం తెస్తాడులే," అన్నాడు.

ఇంకొకటి, రోజూ దీపాలు పెట్టే వేళకు తలుపు గడియ వేయనిచ్చేవాడు కాదు. "గడియ వేస్తే నాయనొచ్చి యాడ పండుకుంటాడు?" అని ఏడుపు. తలుపు దగ్గరకు వేసి రాయి అడ్డం పెట్టుకుని పడుకునేవాళ్లం. 

తిరునాళ్లు దగ్గర పడగానే వాడు మళ్లీ వంగి నడవడం మొదలుపెట్టాడు. వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. నాయన నంద్యాలలో ఉన్నాడని అందరం చెప్పాం. రాట్నం దగ్గర ఉంటానని నాయనే చెప్పాడు. ఇక మిగిలింది బస్సెక్కడమే.

నేను బావ ఎదుట మాట్లాడేదాన్ని కాదు. అక్కతో చెప్పాను. అక్క చేట పక్కన పడేసింది.

"మొగుడు పోయి ఏడు తిరగల్యా, తిరునాళ్లకు పోతావా? జనం నా మొగాన ఉమ్మేస్తారు గదనే!"

"నాకోసరం కాదక్కా. ఒక్కసారి రాట్నం ఎక్కిస్తే వాని మనసు మళ్లుకుంటాది."

"మళ్లుకుంటాదా? దిగినాక నాయన యాడ అని అడగడా?"

అక్క నోరు చెడ్డదే గానీ అడిగింది న్యాయమే. ఆ తిరుగుడులో, ఆ కేరింతల్లో వాడు నాయనను కాసేపు మరిచిపోతే చాలనుకున్నాను. వాడు దిగి నవ్వితే ఇక మేము ఎట్లాగో బతుకుతామని నాకు నేనే ఒక గుర్తు పెట్టుకున్నాను. దానిమీదే ప్రాణం పెట్టుకుని ఉన్నాను.

నడిపివాడు నేరుగా బావ దగ్గరకే పోయాడు. బావ అన్నం తింటున్నాడు.

"పెదనాయనా, మా నాయన రాట్నం కాడ ఉంటానన్న్యాడు. పెద్దమ్మను ఊరికే ఉండమను, మేం పోవల్ల."

తమ్ముడికి మట్టి వేసిన చేయి అది. ముద్ద మీదే ఆగిపోయింది. తినకుండానే లేచి చేయి కడుక్కున్నాడు. మరుసటి రోజు పొద్దున చూస్తే గూట్లో దీపం పక్కన గుడ్డలో చుట్టి బస్సు చార్జీలు ఉన్నాయి. అక్క చూసి కూడా చూడనట్టు పోయింది.

ఆయన చెప్పిన పద్ధతిలోనే సర్దుకున్నాను. జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఉల్లిగడ్డలు, సొరబుర్రలో నీళ్లు, చిన్నదానికి బొరుగులు. తిరుగు బండి ఒక్కటే తక్కువ. దానికి బావ ఇచ్చిన చార్జీలు ఉన్నాయి. తిరునాళ్లలో ఏమేమి అడగకూడదో పెద్దది వాడికి పాఠంలా చెప్పించింది.

"బుడగలు?"

"అడగను."

"గోలీసోడా?"

"అడగను."

"బొంగరం?"

"ఉత్తగ చూస్తా."

"చూడనూ కూడదు. చూస్తే అడుగుతావు."

"నాయనను అడగొచ్చా?"

పెద్దది తల తిప్పి నా వైపు చూసింది. దానికి అంతా తెలుసని ఆ చూపుతో తెలిసింది. ఎవరు చెప్పారని నేను అడగలేదు.

మొదటి బస్సు తెల్లవారగానే. బస్సు దగ్గర ముందుగా నిలబడ్డది మేమే అయినా నేను ఎక్కలేదు. బొట్టు లేని దాన్ని, మొదట అడుగు పెడితే డ్రైవరు ఏమంటాడో నాకు తెలుసు. ఎవరో పసుపు కుంకుమల ఆమె పిల్లతో ఎక్కినాక వెనక ఎక్కాను. అప్పటికి ఆమె వెంట వచ్చినవాళ్లతో సీట్లు నిండాయి. నిలబడే పోయాం. నడిపివాడు వంగి నిలబడ్డాడు.

కండక్టరు నవ్వాడు. "ఏందప్పా, నడుము నొప్పా?"

"నాకు టికెట్టు ల్యా."

"ఎవరు నేర్పించినార్రా, మీ నాయనా?"

"ఊ. నంద్యాలలో ఉండాడు."

"గట్టోడే మీ నాయన," అని వాడి టికెట్టు కొట్టకుండానే ముందుకు పోయాడు. వాడి ముఖం వెలిగింది.

పొద్దునే పోవడం నా ఆలోచన. జనం రాకముందు పోతే తొక్కిసలాట ఉండదు, మొదటి గిరాకీ కదా అని రాట్నం ఆయన నాలుగు చుట్లు ఎక్కువ తిప్పుతాడు. వాడు తనివితీరా తిరుగుతాడు. అట్లా అనుకున్నాను. బస్సు దగ్గర నా నుదుటి సంగతి గుర్తుంచుకున్నదాన్ని, రాట్నం దగ్గరికి పోయేసరికి మరిచిపోయాను. మొదటి గిరాకీ అంటే బోణీ. నా చేతి బోణీ ఎవరు పడతారు?

రాట్నం ఆయన అప్పుడే టెంకాయ కొట్టి ఊదుబత్తి వెలిగించాడు. "ఇద్దరు పిల్లోళ్లకప్పా," అని దుడ్లున్న చేయి చాపాను. ఆయనా చాపాడు. నా నుదురు చూసి నిప్పు తగిలినట్టు వెనక్కు తీసుకున్నాడు.

"ఇంగా బోణీ కాలేదమ్మా. పక్కకు పో."

పెద్దదాని చేతిలో పెట్టి ఇప్పించబోయాను.

"చేయి మారిస్తే దుడ్లు మారతాయా? తప్పుగా అనుకోవాకమ్మా. మేం బతికేది ఈ నాలుగు తిరునాళ్లతోనే. ఎవరన్నా ఎక్కినాక రా, ఎక్కిస్తా."

చెడ్డవాడు కాదు. ఆయన చోట మా ఆయన ఉన్నా అదే అనేవాడు. నన్ను కాదు, ఇంకెవరినో.

దూరంగా పోయి ఎండలో కూర్చున్నాం. నడిపివాడు రాట్నం చుట్టూ తిరిగి, ఆ దారిన పోయే ప్రతి మొగమనిషినీ చూసి వచ్చాడు.

"ఇంగా రాలేదుమ్మా. ఎద్దులకు నీళ్లు పెడతాంటాడు."

రొట్టె ఇస్తే తినలేదు. "నాయనతో తింటా," అని రెండు రొట్టెలు విడిగా మూట కట్టించాడు. పెద్దది నోట్లో పెట్టుకున్న ముక్కను నమలకుండా చాలాసేపు అట్లాగే ఉంచుకుంది. పొద్దెక్కింది, రాట్నం ఎక్కడానికి ఎవరూ రాలేదు. ఖాళీ తొట్టెలు గాలికి కిర్రుమంటున్నాయి. ఇంటికి పోదాం పదండి అనాలని నాలుక దాకా వచ్చింది. ఏమని చెప్పి తీసుకుపోను?

చివరికి ఒక కుటుంబం వచ్చింది. బోణీ అయింది. ఆ వెంటనే జనం విరగబడ్డారు. నేను చిన్నదాన్ని ఎత్తుకుని కింద నిలబడ్డాను. రాట్నం ఆయన మాట తప్పకుండా పిల్లలిద్దరినీ పిలిచాడు. వాడు ఎక్కుతూ కూడా జనంలోకే చూస్తున్నాడు.

"ఎవర్నప్పా ఎదుకుతాండావ్?"

"మా నాయనను. ఎర్ర తలగుడ్డ."

"ఎర్ర తలగుడ్డోళ్లు ఈడ నూరుమంది ఉండారు. పైకి పోయి చూడు, మీ నాయన బాగా కనపడతాడు!" అని నవ్వుతూ తొట్టె తోశాడు.

ఆయనకేం తెలుసు.

రాట్నం లేచింది. మిగిలిన పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాడు తొట్టె అంచు పట్టుకుని కిందికి వంగి అరిచాడు. "నాయనా! ఓ నాయనా!" పైకి పోయిన ప్రతిసారీ అదే కేక. నాయనా అని పిలుపు వినబడితే తిరునాళ్లలో ఏ తండ్రి తల తిప్పడు? చాలామంది పైకి చూశారు. పొగాకు అంగడి దగ్గర ఎర్ర తలగుడ్డ కట్టుకున్న ఒకాయన నవ్వి చేయి ఊపాడు.

నేను కూడా అటు చూశాను. పోయాక మా ఆయన ముఖం నేనూ చూడలేదు కదా, పోయాడని ఒకరు చెబితే విన్నదాన్నే కదా. నా కాళ్లు రెండు అడుగులు అటు వేశాయి. చిన్నది చంకలో కదిలితే ఆగాను.

రాట్నం ఆగకముందే వాడు దూకి జనంలోంచి పరుగెత్తి ఆ తలగుడ్డ ఆయన పంచె వెనక నుంచి పట్టుకున్నాడు. ఆయన ఇటు తిరిగాడు. వాడు తలెత్తి చూశాడు.

"నువ్వు కాదు."

"నేను కాదురా అబ్బీ. మీ నాయన యాడ తప్పిపాయ? పా, ఎదుకుదాం."

నేను చెప్పాలి. అక్కడ తల్లిని నేను. పెద్దది వచ్చి వాడి చేయి ఆ పంచె నుంచి విడిపించింది.

"నాయన తప్పిపోల్యా. సచ్చిపోయినాడు. కాయల బండి తోలుకొని వచ్చినప్పుడు, ఈ ఊర్లోనే. పెదనాయన మట్టి చేసినాడు."

ఆయన తన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వాడు నా వైపు తిరిగాడు. "యాడ?"

"ఏందిరా?"

"యాడ మట్టి చేసినారు?"

"నాకు తెలీదు."

"నంద్యాలలో ఉండాడంటివి గదా."

అబద్ధం కూడా కాదు అది.

వాడు ఏడ్చినా బాగుండేది. మూట విప్పి, నాయన కోసం దాచిన రొట్టెలు రెండూ చిన్నదాని చేతిలో పెట్టాడు. తిరునాళ్లలో ఇంకేమీ చూడలేదు, ఏమీ అడగలేదు. పెద్దది నేర్పిన పాఠం వాడు ఒక్క ముక్క తప్పలేదు. సాయంత్రం బస్సులో వాడు వంగలేదు. నిటారుగా నిలబడ్డాడు. ఈ కండక్టరు వేరే ఆయన. వాడిని కింది నుంచి పైదాకా చూసి అర టికెట్టు కొట్టాడు. ఏమీ కొనలేదు కాబట్టి దుడ్లు సరిపోయాయి.

ఇంటి ముందు అక్క ఎదురుచూస్తోంది. "ఎక్కినావా రాట్నం?"

"ఎక్కినా."

"ఎట్లుండె?"

"పైనుంచి అంతా కనపడతాది పెద్దమ్మా," అని లోపలికి పోయాడు.

అక్క నా ముఖం చూసింది. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ మింగేసి నీళ్ల చెంబు అందించింది. బావ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర పోవడం లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది.

దీపాలు పెట్టాక నేను అలవాటుగా తలుపు దగ్గరకు వేసి రాయి జరపబోయాను. వాడు వచ్చి ఆ రాయిని పక్కకు దొర్లించాడు. ముక్కాలిపీట తెచ్చుకుని ఎక్కాడు. గడియ బిగుసుకుపోయి ఉంది, ఇన్నాళ్లూ వేయలేదు కదా. రెండు చేతులతో లాగి లాగి వేశాడు.

"వేసినా మా. పండుకోండి," అన్నాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆయన కోసం చూసే మనిషి ఒక్కడన్నా ఉండేవాడు. రాట్నం దగ్గర రాని ఏడుపు ఆ గడియ చప్పుడుకు వచ్చింది. వాడికి వినపడకుండా చెంగు నోట్లో కుక్కుకున్నాను.

పెద్దయ్యేదాకా ఆ తలుపుకు గడియ వాడే వేసేవాడు. నన్ను వేయనిచ్చేవాడు కాదు.