చాపాటి వారి గుండిగ

ప్రొద్దుటూరు పాత్రల అంగళ్ల వీధి చివర కమాల్ బాషా కూర్చునే చోటికి బోర్డు లేదు. నలభై ఏండ్లుగా ఊరందరి గిన్నెల మీద పేర్లు కొట్టినవాడు తన పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఆయన పనికొక నియమముంది. ముందు సుద్దముక్కతో పేరు రాస్తాడు, తెచ్చినవారి చేత పైకి చదివిస్తాడు, ఆ తరువాతే ఉలి పడుతుంది.

ఇంటిపేర్లంటే ఆయనకు తీరని కుతూహలం. వల్లూరు నుంచి వచ్చినవారు ‘వల్లూరి వారు’ ఎట్లా అయ్యారో, చాపాడు ‘చాపాటి’గా ఎందుకు మారిందో వచ్చిన ప్రతివారినీ అడిగేవాడు. చివర చేరే ఈ ఇ, టిలను వ్యాకరణం ఔపవిభక్తికాలంటుంది. ఊరిపేరు షష్ఠిలోకి ఒదిగి ఇంటిపేరవుతుంది. దానికి ‘వారు’ చేరితే ఇల్లంతా అందులో ఇముడుతుంది, గౌరవమూ దక్కుతుంది. నేను బడిలో తెలుగు చెప్పే రోజుల్లో ఈ సంగతికి ఒక పీరియడ్ చాలేది కాదు. కమాల్ బాషా చేతికి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మొన్న శ్రావణంలో సుభాషిణి ఆయన ముందు పెద్ద ఇత్తడి గుండిగను, దాని మూతను దింపించింది. జమ్మలమడుగులో నర్సుగా రిటైరై ఈ ఊళ్లో ఒంటరిగా ఉంటోంది. పెండ్లి చేసుకోలేదు, తోబుట్టువులు లేరు. తనతోనే ఆగిపోయే ఇంటిపేరును మళ్లీ చెక్కించడం దేనికనుకుందేమో, ‘సుభాషిణి’ అని మాత్రమే చీటీ రాసిచ్చి కూరగాయలకు వెళ్లింది.

ఆమె తండ్రి నరసింహయ్య పాత్రలన్నిటికీ పేర్లు కొట్టింది కమాల్ బాషానే. కూతురి ముఖంలో తండ్రి పోలిక చూస్తూ ఆయన సుద్దముక్క సంగతే మరిచాడు. చేయి ఆగేసరికి అంచున ‘చాపాటి వారిది’ అని పడి ఉంది. అరగదీస్తే అంచు పలచబడుతుంది. నలభై ఏండ్లలో ఇట్లా ఎన్నడూ జరగలేదు.

ఆమె తిరిగి రాగానే, ఆలస్యమైనా నియమం నియమమే గనుక, చదవమన్నాడు. చదివి ఆగిపోయింది.

“వారంటే ఎవరుండారన్నా ఇంగ? నేనొక్కదాన్నే గదా.”

“తప్పు నాదేనమ్మా. మీ నాయన గుండిగే కండ్లల్లో మెదులుతాండె. కొత్తది తెప్పిస్తా.”

నాయన గుండిగ యాడికి పోయిందని సుభాషిణి అడిగింది. తనకు తెలిసినంత చెప్పాడాయన. ఊళ్లో ఏ పెండ్లి వంటకైనా అది వెళ్లేది. నరసింహయ్యను ఎన్నడూ చూడనివారు సైతం, అంచు మీది పేరు చదువుకొని, చాపాటి వాళ్లిల్లు ఎక్కడని విచారించి తెచ్చి దింపేవారు. నరసింహయ్య చనిపోయిన ఏడు అది చివరిసారి వెళ్లింది. ఇంట్లో అడిగేవారు లేక వెళ్లిన చోటే ఉండిపోయింది. పేరు కొట్టని మూత అంతకు చాలా ముందే పోయింది.

సుభాషిణి అక్షరాలను వేలితో నిదానంగా తడిమింది.

“మూత మీద గూడా ఇదే కొట్టన్నా. మూతలే తిరిగి రావు.”

“అయితే పెండ్లిండ్లకు ఇస్తావా?”

“అడిగినోళ్లకు లేదంటానా?”

కమాల్ బాషా ఈసారి సుద్దముక్క వెతుక్కున్నాడు. మూత మీద రాసి ఆమె వైపు జరిపాడు. ఎక్కడా ఆగకుండా చదివింది.