అటెండర్ తాత నెత్తురు

బందుల ఏడాది అది. తార్నాక చౌరస్తాల బస్సు ఏనాడు దొరుకుతదో, ఏనాడు నడవాల్నో తెల్వకపోయేది. నేను ఎమ్మెస్సీ అయిపోయి, యూనివర్సిటీ ల్యాబుల రీసెర్చి సీటు కోసం ఒక సార్ ఎనక పడ్డ.

సార్ ఒక్కటే పని పెట్టిండు. "క్రిములు పోయి ఎర్రకణాలకు అతుక్కుంటయి. ఆ కణాలు వాటిని మోస్కపోయి లివర్‌ల మింగే కణాలకు అప్పజెప్తయి. అతుక్కునేది శనివారం లోపల స్లైడు మీద చూపియ్యి. లేకుంటే సీటు ఇంకొకరికి."

ఎర్రకణాలు గాలి మోస్తయని చదువుకున్న. గీ కొత్త కొలువేంది వాటికి? నాకు తలకాయ తిరిగింది గాని, సార్‌తోని వాదిస్తమా?

మా ల్యాబుల రక్తమంటే గొర్రె రక్తమే. అటెండర్ తాత రోజూ పొద్దుగాల లాలాపేట్ మటన్ దుకాణం కాడికి పోయి సీసల పట్టేటోడు. గడ్డకట్టకుండ అండ్ల గాజుపూసలేసి, ఊపుకుంట తెచ్చేటోడు. అందరం అదే వాడేది, నేను గూడ అదే తీస్కున్న. చంపిన క్రిములు, వాటిని కణాలకు అతికించనీకి కుందేలు సీరం, తాజా గినీపంది సీరం, అన్నీ సార్ చెప్పినట్టే కలిపిన. చూస్తే క్రిములు ఒక దిక్కు, కణాలు ఒక దిక్కు. నాలుగు రోజులు గిదే కథ. మెట్టుగూడ క్వార్టర్ల అమ్మ అన్నం పెడితే ఆమె మీద అరిచిన. కోపం కాదది, భయం.

శుక్రవారం బంద్. దుకాణం తెరవలే, సీస ఖాళీ. నేను స్టూలు మీద కూసొని ఏడుస్తున్న.

"నెత్తురే గద బిడ్డా, నాది తీస్కో," అని తాత అంగీ చెయ్యి మడిచిండు.

సిగ్గయింది, అయినా తీస్కున్న. గంటకు చూస్తే ఒక్కో కణానికి నాలుగైదు క్రిములు పట్టుకొని ఉన్నయి. ఎట్లయిందో నాకు సమజే కాలే.

శనివారం సార్ చూసి, "రక్తం ఎవరిది?" అన్నడు. ముసలాయన చెయ్యికి సూది పొడిచిన్నని చెప్పనీకి నోరు రాలే.

"గొర్రెది సార్."

సార్ మొఖం మారింది. "గొర్రె కణాలకు క్రిములు గిట్ల అతుక్కోవు. మనిషి కణాలకే అతుక్కుంటయి. ఏం చేసినవ్ నువ్వు?"

సీటు పోయిందనుకున్న. ఉన్నదంత చెప్పిన. సార్ మళ్లొకపారి స్లైడు చూసిండు. "మనిషి రక్తమే తీస్కోవాల్నని నేనే చెప్పనట్టున్న," అన్నడు. సీటు నాకే అని, తాతను పిలిచి మైక్రోస్కోపు ముందట కూసోబెట్టిండు.

తాత చానాసేపు చూసిండు.

"ఇరవై ఏండ్ల సంది గొర్రెది మోసిన సారూ. నాది గూడ పనికొస్తదని ఒక్కలన్న చెప్పలే."