విరిగిన చేత్తో నేర్చుకున్న ఆట

గజపతినగరం దగ్గర మా ఊళ్లో పొలం గట్టు తగాదా వచ్చి, మా చిన్నాన్న కొడుకు పార కామ కర్రతో అన్నను కొట్టాడు. కుడిచెయ్యి విరిగింది, నెత్తి పగిలింది. వాడి మీద కేసు పెట్టి, ఆసుపత్రి నుంచి అన్నను విజయనగరంలో నా అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. నేనిక్కడ బడిలో లెక్కలు చెబుతాను, పిల్లలకు చదరంగం నేర్పుతాను.

"సెయ్యి బాగవనీ. ఆడి కాలు ఇరిసేస్తాను." రోజంతా అదే మాట. అన్నం కంచం గోడకేసి కొట్టేవాడు. ఆ ధ్యాస మళ్లించడానికి చదరంగం బల్ల పరిస్తే, దాన్నీ తన్నేశాడు.

అప్పుడు ఫోన్లో పాతకాలపు మహా ఆటగాళ్ల ఆటలు చూపించాను, చివరి ఎత్తులు మాత్రమే.

"ఇంతమంది సచ్చాక ఇంకేటి ఆడతారే?"

"ఒక రాజూ, ఒక బంటూ మిగిల్తే చాలన్నా."

తన్నులాటకి వచ్చినవాడిలా ముందుకు వంగి చూశాడు. రాజులిద్దరూ మధ్యలో ఒక్క గడి వదిలి ఎదురెదురుగా నిలబడితే, ఎత్తు వేయాల్సినవాడే పక్కకు తప్పుకోవాలని తెలిశాక నవ్వాడు. దెబ్బలు తిన్నాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. పెద్ద ఆటగాళ్లు గెలుపు చేతిలో ఉన్నా తొందరపడరు. ముందు అవతలివాడికి కదలిక లేకుండా చేస్తారు. అది చూసినప్పుడల్లా అన్న, "మెడ మీద కాలెట్టీసి నిలబడ్డాడు, సూడు," అనేవాడు.

ఆ మాట నాకు నచ్చేది కాదు. అయినా కేకలు తగ్గాయని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం చిన్నాన్న కొడుకు ఊరి పెద్దను వెంటబెట్టుకుని రాజీకి వచ్చాడు. మంచినీళ్లిచ్చాను. "కేసు తీసీ బావూ, మనం మనం ఒకటే కదా," అన్నాడు పెద్ద. చిన్నాన్న కొడుకు గ్లాసు ఎత్తుకునేదాకా ఆగి, అన్న ఎడమచేత్తో మూలనున్న రోట్లోంచి పచ్చడిబండ తీసి వాడి దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కిందపడ్డవాణ్ని మళ్లీ కొట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను. బండ నా భుజానికి తగిలింది. నేల మీద నెత్తుట్లో రెండు పళ్లున్నాయి.

పోలీసులొచ్చి అన్నను తీసుకెళ్లారు. జైలుకు చూడబోతే ముందు నా భుజం గురించి అడిగాడు. తర్వాత, "ఆడెలాగున్నాడు?" అన్నాడు.

"దవడకి తీగలేశారు. జావ తాగుతున్నాడు."

ఎడమచేత్తో కటకటాలు పట్టుకున్నాడు. "కొట్టినప్పుడు నాకు శానా బాగున్నాదే," అన్నాడు మెల్లగా. "అందుకే బయమేస్తన్నాది."

భుజం ఇంకా నొప్పిగానే ఉంది.