గుమ్మం బయట బూచి

నా చిన్నప్పుడు నేనొక బూచిని పుట్టించాను. పుట్టించడం తెలిసింది గానీ, వెనక్కి పంపడం తెలియలేదు. అప్పటికి నాకు పదేళ్ళు, మా తమ్ముడికి నాలుగు. ఇద్దరికీ వారం తేడాలో ఆటలమ్మ పోసింది.

మాది బొబ్బిలి పక్కన పల్లె. ఇంట్లో అమ్మవారు ఉందంటే మా వైపు కట్టుబాట్లు ఇన్నీ అన్నీ కావు. గుమ్మానికి వేపమండలు కట్టారు. కూరల్లో పోపు వెయ్యకూడదు, తల దువ్వకూడదు, నీళ్ళు పోసేదాకా పిల్లలు వీధి మొహం చూడకూడదు. మమ్మల్ని నడిమింటి గదిలో వేపాకుల మీద పడుకోబెట్టారు. అవసరానికి పెరట్లోకి మాత్రం వెళ్ళి రావచ్చు. గదికి పక్కింటి వైపు ఊచల కిటికీ ఒకటి ఉండేది. అందులోంచి చూస్తే అవతలి వాళ్ళ గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు. వీధిలో పిల్లల కేకలు వినిపిస్తుంటే ఆ గోడను చూస్తూ కూర్చునేదాన్ని. నా ఈడు పిల్లలందరూ నన్ను మరిచిపోయారని ఏడుపొచ్చేది.

అవి చెరువులో నానేసిన గోగు కట్టల నుంచి నార తీసే రోజులు. నానిన గోగు ఎవరి కోసమూ ఆగదు, కుళ్ళిపోతుంది. అందుకని నాన్నతో పాటు అమ్మ కూడా పనిలోకి వెళ్ళక తప్పలేదు. నాకు పొక్కులు ఎండిపోతున్నాయి కాబట్టి తమ్ముణ్ణి చూసుకునే పని నాకు పడింది. మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఇంకోసారి కథ చెప్పి వాణ్ణి నిద్రపుచ్చాలి. నిద్రపోతే గోక్కోడు, గోక్కోకపోతే మచ్చలు పడవని అమ్మ ఆలోచన.

వాడికేమో ఒక్కటే కథ కావాలి. తల్లి నుంచి తప్పిపోయిన మేకపిల్ల కథ. అది ఏయే ఇళ్ళ ముందు ఆగి తల్లి గురించి అడిగిందో ఆ ఇళ్ళన్నీ వరసగా చెప్పాలి. ఒక్క ఇల్లు ఎగ్గొట్టినా లేచి కూర్చునేవాడు. మూడు రోజులు తిరిగేసరికి నాకు ఆ మేకపిల్ల మీదా, వాడి మీదా, మమ్మల్ని వదిలి వెళ్తున్న అమ్మ మీదా ఒళ్ళు మండిపోయింది. నాలుగో రోజు నేను కునుకు తీస్తుంటే వాడు పీట వేసుకుని వీధి తలుపు గడియ తీసి పారిపోయాడు. వెంటనే ఈడ్చుకొచ్చాను గానీ, చూసినవాళ్ళు అమ్మకు చెప్పనే చెప్పారు. సాయంత్రం అక్షింతలన్నీ నాకే పడ్డాయి.

మర్నాడు కథ మార్చేశాను. గుమ్మం బయట ఒక బూచి కూర్చుందని, అమ్మోరు పోసిన పిల్లలు గడప దాటితే గోనెసంచిలో వేసుకుని పోతుందని చెప్పాను. ఏ గుమ్మమని అడిగాడు. అన్ని గుమ్మాలూ అన్నాను. వాడు కిక్కురుమనకుండా దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. ఎంత సులువుగా పనైపోయిందో అనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ సాయంత్రం వాడు పెరట్లోకి రానన్నాడు. నేను తోడొస్తానన్నా రాలేదు. వేపాకుల మీదే తడిపేశాడు. జ్వరంలో పిల్లలకు మామూలేనంది అమ్మ. మర్నాటి నుంచి నీళ్ళు తాగడం మానేశాడు. తాగితే పెరట్లోకి వెళ్ళాల్సి వస్తుంది, వెళ్తే బూచి ఉంది. నాలుగేళ్ళ బుర్రతో వాడు వేసుకున్న ఉపాయం అది. గ్లాసు నోటి దాకా తెస్తే పళ్ళు బిగించేసేవాడు. ఇంకో రోజుకి పెదాలు పగిలాయి, ఒళ్ళు పెనంలా కాలిపోయింది. అమ్మ వేపమండల కింద కూలబడి, ఏం తప్పు చేశానో చెప్పు తల్లీ అని అమ్మవారిని అడుగుతూ ఏడ్చింది. నేను గది మూల నుంచి అంతా విన్నాను. తప్పు ఎవరిదో ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. చెబితే వీపు విమానం మోతే. దుప్పట్లోకి దూరిపోయాను.

పొద్దున్న అమ్మ ఆకు పసరు కోసం బయటికి వెళ్ళినప్పుడు, బూచీ లేదు ఏమీ లేదు, నేనే అబద్ధం చెప్పానని వాడి చెవిలో చెప్పాను. వాడు కాలిపోతున్న అరచేత్తో నా నోరు మూసేశాడు.

"ఊరుకో అప్పా, అది ఇంటాది" అన్నాడు. బూచి వినేస్తుందని అక్క నోరు మూయిస్తున్నాడు.

నాకు ఇంక దారి లేకుండా పోయింది. నిజం చెప్పినా నమ్మనివాడికి ఏం చెప్పాలి?

పక్కింట్లో మాకు వరసకు వదినయ్యే ఆవిడ ఉండేది. చిన్నప్పుడే ఆటలమ్మ పోసి తగ్గింది గనుక ఆవిడకు మా గదంటే భయం లేదు. రెండిళ్ళ మధ్య సందులో, మా కిటికీ కిందే కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుట్టేది. ఆ రోజు లేచి ఊచల్లోంచి తొంగి చూసింది.

"ఏటే, గుంటడు నీళ్ళు తాగతన్నాడా, నేదా?" అంది.

నేను బావురుమని మొత్తం కక్కేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. విస్తరి కుడుతూనే తమ్ముడితో మాట కలిపింది.

"మరిదీ, నానిప్పుడే మీ పెరటేపు నుంచి వచ్చినాను. గుమ్మం కాడ ఎవులో కూకున్నారు. ఎవులది?"

బూచిని తరుముతుందనుకుంటే, ఉన్నదాన్ని ఇంకా గట్టిగా కూర్చోబెడుతోంది. వాడు బూచి అన్నాడు. దానికి ఎన్ని కాళ్ళు, చొక్కా ఉందా, జుట్టు దువ్వుకుందా అని ఆవిడ అడుగుతూనే ఉంది. నేను అవేవీ చెప్పలేదు కాబట్టి వాడు తానే ఆలోచించుకుని చెప్పాల్సి వచ్చింది. రెండు కాళ్ళు. చొక్కా లేదు. జుట్టు చింపిరిగా ఉంది. మరి ఇంటికి పోకుండా ఎందుకు కూర్చుంది అని అడిగింది. వాడు దుప్పటి ముసుగు కాస్త తీశాడు.

"దానికీ అమ్మోరు పోసినాది. ఆళ్ళమ్మ పన్లోకి ఎల్లిపోనాది" అన్నాడు.

వదిన చేతిలో విస్తరి అలాగే ఆగిపోయింది.

"అయ్యో పాపం! మరి దానికి దాహమెయ్యదా? నీళ్ళెవులిస్తారు?"

వాడు కుండ వైపు చూశాడు. నేను గ్లాసు ముంచి ఇచ్చాను. బూచికిచ్చే ముందు చల్లగా ఉన్నాయో లేదో చూడమంది వదిన. వాడు ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసంతా తాగేశాడు. రెండో గ్లాసు తానే పట్టుకుని, రెండో చేత్తో నా లంగా కుచ్చిళ్ళు గుప్పిట్లో బిగించి, పెరటి గుమ్మం దాకా నడిచాడు. గ్లాసు గడప అవతల పెట్టి, తాగు అన్నాడు. తర్వాత పెరట్లోకి దిగాడు. నేను గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

వాడు నిద్రపోయాక వదిన నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. "కతైపోగానే నువ్వు లేచి పోనావే. ఆడు దాంతోనే పడుకోవాల కదా" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల్లో జ్వరం జారింది. అమ్మ మొక్కు తీర్చుకుని ఊళ్ళో చలిమిడి పంచింది. వదిన కళ్ళకద్దుకుని తింది.

ఇప్పుడు మా మనవరాలికి పడుకునేముందు కథ కావాలి. వాళ్ళమ్మ ఫోనులో కథ పెట్టి, దిండు పక్కన ఉంచి వెళ్తుంది. ఫోను బాగానే చెబుతుంది, నాకంటే బాగా చెబుతుంది. కానీ పిల్ల మొహం చూడదు. నేను ఫోను తీసేసి పక్కన కూర్చుంటాను. దెయ్యాల కథ అడిగినా కాదనను. కథయ్యాక మాత్రం, అది ఇప్పుడెక్కడుందే, ఏం చేస్తోందే అని అడుగుతాను. బీరువా వెనకాల ఉందంటే లేవను. అది అన్నం తిని పడుకుందని తానే చెప్పేదాకా, నడుం విరిగిపోతున్నా అక్కడే ఉంటాను.

వదిన నేర్పిన ఈ ఒక్క పనీ బాగానే చేస్తున్నాను. ఇంకొకటి చెయ్యలేకపోయాను. జబ్బుపడ్డ పిల్లల్ని వదిలి గోగు పనికి వెళ్ళినందుకే అమ్మోరికి కోపమొచ్చిందని మా అమ్మ ముసలితనంలో కూడా అంటూ ఉండేది. ఎన్నేళ్ళయినా ఆ మాట అన్నప్పుడల్లా కొంగుతో కళ్ళు తుడుచుకునేది. నేను మొదట దెబ్బలకు భయపడి చెప్పలేదు, తర్వాత సిగ్గుపడి చెప్పలేదు. తప్పు నీది కాదమ్మా, నాది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆవిడ పోయింది. ఆ ఒక్క మాటా నా దగ్గరే ఉండిపోయింది.